లోవలక్ష్మి వేయని చుక్క

ఉప్పాడలో తెల్లారితే ఆడవాళ్ళు ముందు గుమ్మంలో నిలబడి సముద్రం ఎంత దూరంలో ఉందో చూసుకుంటారు, ఆ తర్వాతే కళ్ళాపి సంగతి. లోవలక్ష్మీ అంతే. చూసి, నిట్టూర్చి, గుంట మగ్గంలోకి కాళ్ళు దించి కూచునేది. ఆ మాఘమాసంలో నేస్తున్నది నీలం చీర, ఒళ్ళంతా జరీ చుక్కలు.

ఒక పొద్దున చుక్క ఒకటి ఎక్కువుంది. తన పొరపాటే అనుకుని సూదితో విప్పేసింది. మర్నాడు అది నాలుగు పోగుల అవతల కనిపించింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ జరిగింది. నేతలో తప్పొస్తే దోషి చెయ్యేనని మామగారు నేర్పిన మాట. దాన్ని నమ్ముకుని వారం రోజులు ఆ చుక్కతో కుస్తీ పట్టింది. మొగుడు పోతురాజు చూసి, "నడిచేదాన్ని నడవనీవే" అని చుట్ట వెలిగించుకున్నాడు.

మిషన్ స్కూల్లో సైన్సు చెప్పే శాంతికుమార్ మేష్టారు చీర బేరానికొచ్చి బేరం మర్చిపోయారు. మఖ నక్షత్రం చుట్టూ ఉన్న ఆకాశం చుక్క పొల్లుపోకుండా ఆ చీర మీదుంది. నడుస్తున్నది మాత్రం ఏ పటంలోనూ లేదు. రోజూ వచ్చి స్కేలుతో కొలిచి, దూరాన ఉన్న పెద్ద అబ్జర్వేటరీకి రాశారు. చీర మీద కొలిచానని కూడా రాశారు. సాయంత్రాలు కూడా కొలిచి పంపమని వాళ్ళ జవాబు.

"ఏంటండి అది?" అంది లోవలక్ష్మి.

"గ్రహశకలం అమ్మా. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే బండ. ఇక్కణ్ణుంచి కొత్తపల్లి దాకా ఉంటుందేమో. బొగ్గు నలుపు. వంకర దుంపలా ఉండి ఏడు గంటలకోసారి పొర్లుతుంది, అందుకే జరీ ఓసారి మెరిసి ఓసారి మసకబారుతోంది. అక్కడ గాలి లేదు, నీళ్ళు లేవు."

"సముద్రం?"

"అదీ లేదు."

"మంచి చోటేనండి" అంది.

కనిపెట్టినవాళ్ళే పేరు పెట్టొచ్చని మేష్టారన్నప్పుడు ఆవిడ చేతిలో పేకపోగు నడిపే నాడె ఆగిపోయింది. బారసాలకి రెండు రోజుల ముందు పోయిన ఆడపిల్ల ఉంది ఆవిడకి. పోయినదానికి పేరేంటని పెద్దలు ఊరికే ఇసుకలో పెట్టొచ్చారు. ఆ ఇసుకని పోయినేడు సముద్రం తీసుకుపోయింది. పిలవడానికి పేరూ లేదు, ఏడవడానికి చోటూ లేదు. ఆ కడుపుకోత ఎవరికి చెప్పుకుంటుంది?

"ఒక్కసారి చూస్తే చాలదమ్మా" అన్నారు మేష్టారు. "సూర్యుడి చాటుకి పోయి, వచ్చే ఏడు ఆషాఢంలో మళ్ళీ ఈ చీర మీదే కనబడాలి. అప్పుడు కొలిచి పంపితే నంబరిస్తారు, ఆ తర్వాతే పేరు. అందాకా మగ్గం మీంచి కొయ్యకూడదు."

వైశాఖంలో చుక్క వెలిసిపోయింది. కార్తీకంలో పక్కిల్లు సముద్రంలోకి పోయింది. ఉగాదికి వీళ్ళ వంటపాక. పడుగు పోగులుండగా గుంట మగ్గం కదలదు, మగ్గం కదలందే ఆవిడ కదలదు. వీధిలో అందరూ పిఠాపురం వైపు వెళ్ళిపోయారు. పోతురాజు ఇసుక బస్తాలు వేస్తూనే ఉన్నాడు.

ఆషాఢం రేపనగా, అమావాస్య పోటుకి గుంట నిండింది. పోతురాజు కత్తి తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

"కొయ్యి లోవా. నావల్ల కాదు."

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కోసింది. ఆ రాత్రే ఇల్లు కూలింది.

భాద్రపదంలో మేష్టారు పిఠాపురం వచ్చి, వీళ్ళు తలదాచుకున్న చుట్టాల అరుగు మీద అబ్జర్వేటరీ ఉత్తరం చదివి చెప్పారు. కోసిన చీర మీద చుక్క రెండోసారి కనబడలేదు కాబట్టి తప్పిపోయినదని రాసుకున్నారట. ఎప్పుడైనా ఎవరికైనా దొరికితే పేరు పెట్టే హక్కు వాళ్ళది.

"వాళ్ళయినా పెడతారాండి?"

"పెడతారమ్మా. వాళ్ళకి నచ్చినది."

లోవలక్ష్మి తలూపి, మేష్టారికి మంచినీళ్ళిచ్చింది. చుట్టాలు మగ్గమిస్తామన్నా కూచోలేదు. రైస్ మిల్లులో చెరిగే పనికి చేరింది. ఉప్పాడ మనిషివి కదా, నేత పని వచ్చా అని ఎవరైనా అడిగితే, రాదండి అనేది.