పసుపంటిన బటన్

హుస్నాబాద్ బస్టాండు వెనుక సందుల వినోద నడిపే జిరాక్సు దుకాణంల కంప్యూటర్ ఆగిపోయింది. అప్పటి నుంచి ఆమెకు అన్నం సయిస్తలేదు. పెనిమిటి మస్కట్‌ల ఉంటడు. దుకాణం గది అత్త భూమవ్వ పేరు మీద ఉంది. ఆ గదిల సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలని పెద్దబావ పర్శరాములుకు ఎప్పటినుంచో కన్ను.

"దసరా పూజకు నీ డబ్బా నడిస్తె గది నీది. నడవకుంటె తాళంచెవి నా చేతుల పెట్టు" అన్నడు బావ. అత్త తల ఊపింది.

కరీంనగర్‌ల రిపేరు చేసేటాయన మిషిని పాతదైంది, విండోస్ ఇగ ఎక్కదన్నడు. దాని బదులు ఉత్తగ దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్ అయితే ఎక్కొచ్చు, చేతనైతే నువ్వే ఎక్కించుకో అని పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపిండు.

పండుగ పొద్దున ఆమె ఫోన్‌ల వీడియో పెట్టుకొని కూసుంది. ఆన్ చేయంగనే ఎఫ్ పన్నెండు బటన్ ఒత్తమన్నడు వీడియోల పిల్లగాడు. ఒత్తింది. అదే నల్లటి తెర. మళ్ల ఆపి, మళ్ల ఒత్తింది. గడప కాడ స్టూలేసుకొని బావ పల్లీలు ఒలుస్తుండు.

"ఇస్త్రీ పెట్టె లెక్క గట్టిగ ఒత్తు మరదలా! కడుపుల నొప్పి లేస్తె అదే మాట్లాడుతది."

వినోద వంగి చూసింది. ఆ బటన్ కిందికి దిగుతనే లేదు. ఏటా దసరాకు అత్త కీబోర్డు పై వరుస బటన్లకు పసుపు కలిపి బొట్లు పెడుతది. అది సందులకు దిగి సిమెంటు లెక్క గట్టిపడ్డది. చీర పిన్నీసు తీసి గీకింది. ఈసారి ఒత్తితే కొత్త తెర వచ్చింది.

ఏ డిస్కు చెరపాలె అని తెర మీద అడిగింది. రెండు పేర్లున్నయి, రెండూ ఒక్కతీరే. తప్పుది నొక్కితే పెన్‌డ్రైవే తుడిచిపెట్టుకపోతది. పెద్ద సైజుది చూసి, కండ్లు మూసుకొని నొక్కింది. సగం ఎక్కినంక కరెంటు పోయింది.

"దేవునికే ఇష్టం లేదు" అన్నడు బావ.

కరెంటొచ్చినంక మొదటి నుంచి మొదలువెట్టింది. ఎక్కిందనుకుంటే ప్రింటర్ పలకదు. ఫోన్‌ల చూసుకుంట దాన్ని లేపే కమాండ్లు ఒక్కొక్క అక్షరం కొట్టింది. చుక్క తప్పింది. మళ్ల కొట్టింది. పొద్దు వాలేసరికి ప్రింటర్ గురగురమని కాగితం బయటికి తోసింది. దాని మీద ఆమె పేరే ఉంది. బావ చేతుల పల్లీలు ఆగినయి.

అత్త పళ్లెం పట్టుకొని వచ్చింది.

"అత్తా, బొట్టు గోడకు పెట్టు. బటన్లకు వద్దు."

"నడుస్తుండంగనే పూజ చేద్దాం. ఆపకు" అని బావ కొబ్బరికాయ కొట్టిండు. చిప్పలు రెండూ పట్టుకొని, నవ్వుకుంట, కంప్యూటర్ డబ్బా మీది జాలీల నీళ్లన్నీ ఒంపిండు.

"బావా!"

లోపల చిటపటమన్నది. కాలిన వాసనొచ్చింది. తెర నల్లబడ్డది.

"పండుగపూట గా ఒర్లుడేంది?" కసిరింది అత్త. "దేవుని నీళ్లు పోస్తె ఖరాబయితదా?"

"పూజకు నడువలే గద" అని బావ చెయ్యి చాపిండు.

వినోద అత్త దిక్కు చూసింది. అత్త హారతి వెలిగిస్తుంది. బొడ్ల దోపుకున్న తాళంచెవి తీసి వినోద అతని చేతుల పెట్టింది. అతను అదే చేతితో కొబ్బరిముక్క అందిచ్చిండు.

"తీస్కో, పలారం."

అత్త చూస్తుందని వినోద కండ్లకద్దుకొని నోట్లె వేసుకుంది.