ఆరు ఇంజన్ల బాంబరు, ఒక డిపో మేనేజరు

పాచికలో ఆరు పడితేనే ఇంజనుకి నిప్పు అంటుకుంటుందని రాస్తే చాలు, అయిదుకి కూడా అంటే మరీ కఠినం, అసలే ఆరు ఇంజన్లు, ఒక్కోదానికీ పాచిక వేసుకుంటూ పోతే హానోవర్ దాటకముందే కాలిపోతుంది, నా బాంబరు అట్లాంటిక్ దాటాలి, న్యూయార్క్ దాకా పోవాలి, అసలు రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ వాళ్ళవి ఇలాంటివి ప్రయోగాల దగ్గరే ఆగిపోయాయి గానీ ఆగకపోతే ఏమయ్యేదన్నదే కదా నా బోర్డు ఆట, లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి, అంటే మూడు నెలలుగా, ఈ వంటింటి బల్ల మీద అట్టముక్కలు కత్తిరిస్తున్నాను, పదకొండింటికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, బెర్లిన్‌లో యుద్ధపు ఆటలు అచ్చువేసే ఫ్రావ్ కెస్లర్ వీడియోలోకి వస్తుంది, ఆట బాగుంది, ఆ విమానం 1945లో నిజంగా ఎగరగలిగేదని ఒప్పించండి, లేదా తీసేయండి అని నిన్న మెయిల్ పెట్టింది, తీసేయడమేమిటి, పెట్టె మీది బొమ్మే అది, ఇంకా ఇరవై నిమిషాలుంది, పక్కగదిలో నా భార్య రాజ్యశ్రీ ఆఫీసు కాల్‌లో ఉంది, కెన్ యూ హియర్ మీ అనడం ఇది నాలుగోసారి, ఎదురుగా వాళ్ళ నాన్న బీన్సుకి ఈనెలు తీస్తున్నారు, ఫిబ్రవరిలో కూతుర్ని చూడ్డానికొచ్చి విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే జర్మనీలో చిక్కుకుపోయారు పాపం, ఇన్నాళ్ళలో మా మధ్య నడిచిన సంభాషణ చాయ్ తాగుతవా, తాగుతాను మామయ్యా, అంతే, హుజూరాబాద్‌లో ఆర్టీసీ డిపో మేనేజరుగా రిటైరైన మనిషితో బాంబర్ల గురించి ఏం మాట్లాడతాం, అనుకుంటుండగానే ఆయన చెయ్యి చాచి నా విమానం ముక్కని తీసుకున్నారు.

గిదేంది అల్లుడూ, బాంబరు మామయ్యా, ఆరు ఇంజన్లు, గింత పెద్ద బండికి డీజిల్ ఎక్కడికెల్లి తెస్తవు, డీజిల్ కాదు పెట్రోలు, అదే ఎక్కడికెల్లి, అడగాల్సిందే అడిగారు, ఆ చివరి ఏడాది జర్మనీలో ఇంధనం కరువు, అందుకే ఇంధనం నియమాన్ని ఇష్టముంటేనే పాటించండి అని నియమాల పుస్తకం ఆఖరి పేజీలో చిన్నక్షరాల్లో పెట్టాను, నిల్వ ఉందనుకుందాం అన్నాను, అనుకుందాం అన్నారాయన, ఎదుటివాడు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు భయం, సరే, పని తెలిసిన మెకానిక్కులు ఫ్రంటుకు పోయిన్రు గద, షెడ్ల మీద బాంబులు పడుతలేవా, ట్రయల్ కొట్టిన బండ్లు ఎన్ని, ఒకటో రెండో మామయ్యా, రెండు బండ్లతోని రూటు తెరుస్తవా, నేను జమ్మికుంట రూటుకే స్పేర్ బండి లేకుంట తెరువలే, ఫ్రావ్ కెస్లర్‌కి చూపించడానికి నా దగ్గర పద్దెనిమిది స్లైడ్లున్నాయి, ఒక్కదానిలోనూ మెకానిక్కు లేడు, సరే పోయిందే అనుకుందాం, అక్కడ పోయి ఏం జేస్తది, న్యూయార్క్ మీద బాంబులేస్తుంది, ఏస్తే, రెండు పాయింట్లు మామయ్యా, ఆయన ముక్కని మెల్లగా మ్యాప్ మీద పెట్టేసి మళ్ళీ బీన్సు అందుకున్నారు, ఊళ్ళో జనం చస్తే రెండు పాయింట్లు, ఆ అంకె నేనే వేశాను, మొదట మూడు వేసి, ఆట ఒకవైపు ఒరిగిపోతోందని ఒకటి తగ్గించాను.

పదకొండయింది, తెర మీద ఫ్రావ్ కెస్లర్, హలో హెర్ కమలాకర్, చెప్పండి మరి ఎగురుతుందా, మొదటి స్లైడు తెరిచాను, ఆరు ఇంజన్లూ మెరుస్తున్నాయి, ఎగరదు అనేశాను, ఆవిడ కళ్ళద్దాలు తీసి, నిన్నటిదాకా ఎగిరింది కదా అంది, మా మామగారు ఆపేశారు, ఆయన బస్సు డిపో నడిపారు అన్నాను, చూపించమంది, ల్యాప్‌టాప్ తిప్పాను, మామయ్య గబగబా మాస్కు పెట్టుకుని నమస్కారం పెట్టారు, మీరైతే ఈ విమానంతో ఏం చేసేవారని అడిగింది, ఆ ప్రశ్న ఆయనకి తెలుగులో చెప్పాను, ఏం జేస్త, షెడ్డుల పెట్టి తాళమేసి అందర్ని ఇండ్లకు పొమ్మంట అన్నారాయన, అది నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ నవ్వలేదు, ఏదో రాసుకుంది, పెట్టె మీదకి వేరే బొమ్మ పంపండి, వచ్చే వారం చూద్దాం అని వెళ్ళిపోయింది, నాకు బాధ కలగాలి, కలగడం లేదు, మూడు నెలలుగా ఆట తయారు చేస్తున్నాననుకున్నాను, నిజానికి ఆ విమానం తరఫున వకాల్తా పుచ్చుకున్నాను, ఇంధనం కరువుని దాచాను, మెకానిక్కుల్ని మరిచాను, ఎలా ఎగురుతుందని వెయ్యి పేజీలు చదివాను గానీ ఎందుకు ఎగరాలని నన్ను నేను ఒక్కసారీ అడగలేదు.