స్మారక సంచికలో స్వామి పేజీ

సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నామని తెలిస్తే చాలు, ఊళ్లో టీవీ రిమోట్ పనిచేయకపోయినా మాకే ఫోన్ చేస్తారు. నేను చేసేది కంప్యూటర్‌లో టైపు చేసుకునే డాక్యుమెంట్ ఎడిటర్‌కు ఫోన్ సపోర్ట్, అంతకుమించి నాకేమీ రాదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. అందుకే సిద్దిపేట నుంచి రామచంద్రం సార్ ఫోన్ చేసినప్పుడు, ఈయనకేం పాడైందో అనుకున్నాను. డిగ్రీలో నాకూ మా తమ్ముడు స్వామికీ తెలుగు చెప్పింది ఆయనే. ఇప్పుడు పాఠాలు ఆపేసి తెలంగాణ కోసం సమ్మె శిబిరంలో కూర్చుంటున్నారు.

"మమతా, జర ఒక పని ఉండె బిడ్డా. ఉద్యమంల పోయిన పిల్లల మీద స్మారక సంచిక ఏస్తున్నం. స్పెల్లింగ్ తప్పులు కంప్యూటర్ ఒక్కటి గూడ చూపెడ్తలేదు. కండ్లతోని చూస్తె పేజీ నిండ తప్పులే. రేపు ప్రెస్సుకియ్యాలె. నీకు మెయిల్ కొట్టిచ్చిన." కొంచెం ఆగి, "మన స్వామి పేజీ గూడ ఉన్నది అండ్ల," అన్నారు.

"చూస్త సార్," అన్నాను. ఏమీ అనిపించలేదు. నెల రోజులుగా నాకు ఏమీ అనిపించడం లేదు. ఆకలి వేయదు, ఏడుపు రాదు, ఎవరి మీదా కోపం రాదు. కోపం రాకపోవడమే వింత. ఇంట్లో నన్ను మిరపకాయ అనేవాళ్లు.

సకల జనుల సమ్మెకు బస్సులన్నీ డిపోల్లో ఉండిపోయాయి. మాదాపూర్‌లో మా ఆఫీసులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. స్వామి జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు. నిజాంపేటలో మేం కిరాయికి ఉన్న ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లేవాడు. సమ్మె మొదలయ్యాక నడిచిపోయేవాడు. అట్లా పోతుంటే మొదటి వారంలోనే వెనక నుంచి లారీ గుద్దింది. గుద్దినవాడు ఆగలేదు. పాలు పోసే మనిషి చూసి పోలీసులకు చెప్పేసరికి ప్రాణం పోయి చాలాసేపైంది. వాడికి తెలంగాణ వద్దని కాదు. జై తెలంగాణ అని నాకంటే గట్టిగానే అరిచేవాడు. కానీ ఆ పొద్దున మాత్రం, "ఇయ్యాల గూడ లేటయితే సూపర్‌వైజర్ పానం తింటడే అక్కా," అని చెప్పులు తొడుక్కుని పోయాడు. అంతే జరిగింది. సమ్మె రోజుల్లో పోయాడని వాడినీ ఉద్యమంలో పోయినవాళ్ల లెక్కలో వేశారు.

ఫైల్ తెరిచాను. కస్టమర్లకు రోజూ అప్పజెప్పే పాఠమే నాకు నేను అప్పజెప్పుకున్నాను. స్పెల్ చెక్ ఆన్‌లో ఉందా? ఉంది. తెలుగు నిఘంటువు ఉందా? ఉంది. భాష తెలుగని పెట్టారా? పెట్టారు. చివర ఖాళీలో కావాలని ఒక పిచ్చిమాట కొట్టాను. వెంటనే దాని కింద ఎర్ర గీత వచ్చింది. అంటే స్పెల్ చెక్‌కు ఏ రోగమూ లేదు, వీళ్లు రాసిందే దాని కంట పడడం లేదు. ఇలాంటప్పుడు చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది. ఎర్ర గీతలు చికాకు పెడుతున్నాయని ఎవరో ఒక పేరాకు 'ఇక్కడ స్పెల్లింగ్ చూడొద్దు' అనే టిక్ పెడతారు. తర్వాత ఆ పేరాను కాపీ చేసి ఎక్కడ అతికిస్తే అక్కడికి ఆ టిక్ కూడా తోడుపోతుంది.

మొదటి పేజీలో హుస్నాబాద్ పక్క పిల్లాడు. టిక్ అక్కడే దొరికింది. తీసేయగానే పేరా నిండా ఎర్ర గీతలు లేచాయి. తప్పులు దిద్ది రెండో పేజీకి వెళ్లాను. అక్కడా టిక్ ఉంది. తర్వాతి పేజీలోనూ ఉంది. అవే తప్పులు, అవే చోట్ల. అప్పుడు గానీ నా మొద్దు బుర్రకు వెలగలేదు. ఫోటో, పేరు, ఊరు మాత్రమే వేరు. కింద పేరా అందరికీ ఒకటే.

స్వామి పేజీకి వచ్చాను. 'చిన్ననాటి నుండి తల్లి మాట జవదాటని బిడ్డ. తెలంగాణ తల్లి కోసం చిరునవ్వుతో ప్రాణాలు అర్పించాడు.' అమ్మ మాట ఒక్కటంటే ఒక్కటి విన్న పాపాన పోలేదు వాడు. టిక్ తీసేశాను. తప్పులు దిద్దాను. తప్పులేవీ లేవని కంప్యూటర్ చెప్పింది.

పక్క సీటు కనకలక్ష్మి గారిది గుడివాడ. ఉద్యమం మొదలయ్యాక మేమిద్దరం క్యాంటీన్ ఉప్మా గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోవడం లేదు. ఆవిడ నా స్క్రీన్ వైపు వంగింది.

"మీ తమ్ముడు కదండీ? ఎలా జరిగిందండీ అసలు?"

నెలలో ఎవరూ ఆ మాట అడగలేదు. వచ్చినవాళ్లంతా ఎలా జరిగిందో వాళ్లే నాకు చెప్పారు. నేను చెబితే ఆవిడ విని, లేచి వెళ్లి టీ తెచ్చి నా ముందు పెట్టింది. తాగడం మర్చిపోయాను.

సార్‌కు ఫోన్ చేశాను. "తప్పులన్ని దిద్దిన సార్. కని, అందరికి ఒకటే రాసిండ్రు."

"ఏం జేద్దం మమతా. ఇంటింటికి పోయిన. పేరు, ఊరు చెప్పి తల్లులు నోట్లె కొంగు పెట్టుకుంటరు. ఇంకేం అడుగుత? మొదటి పిలగానికి కూసోని రాసిన. రెండో పిలగానికి చెయ్యాడలే. అదే పెట్టుమని డీటీపీ ఆయనకు చెప్పిన. స్వామిది నువ్వు మార్చు బిడ్డా, నీ ఇష్టమున్నట్టు రాయి."

"పొద్దుగాల పంపుత సార్," అన్నాను. ఆయన మీదైనా కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఏం రాయాలో తోచక ఆ పేజీ ప్రింట్ తీసుకుని, షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి చేరాను. స్వామి పోయినప్పటి నుంచీ అమ్మ నా దగ్గరే ఉంటోంది. వండుతుంది, ఊడుస్తుంది, గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం తలుపు దగ్గరే ఎదురొచ్చింది.

"సారు ఫోన్ జేసిండు. తమ్ముని మీద రాసిండ్రంట గద. సదువు."

బ్యాగు దించకుండానే చదివాను. చిరునవ్వుతో అన్న దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నవ్విండా?"

"అట్ల రాసిండ్రు."

"అంటె ఎవలో చూసిండ్రన్నట్టె గదనే. చూడకుంట ఎట్ల రాస్తరు? ఎవలన్న ఉన్నరానే ఆడ, వాని దగ్గెర?"

ఇన్నాళ్లూ అమ్మ గోడకు ఆనుకుని ఏం ఆలోచిస్తోందో అప్పుడు తెలిసింది. కొడుకు పోవడం ఒక దుఃఖం, రోడ్డు మీద ఒక్కడే పోవడం ఇంకో దుఃఖం. బుద్ధి ఉన్న మనిషైతే లేరని చెప్పాలి. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఉన్నడంటనే. వెనుక ఇంకో లారీ ఆయన వొస్తుండెనంట. బండి ఆపి ఉరికొచ్చి, తమ్ముని తల ఒళ్లె పెట్టుకోని నీళ్లు తాపిండంట. గప్పుడు నవ్విండంట."

అమ్మ మొఖం మారిపోయింది. నా చెయ్యి వదిలి వంటగదిలోకి పోయింది, బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. "ఎల్లుండి నెల మాసికం. ఆయనను పిలువాలె. నా కొడుక్కు నీళ్లు తాపిన చేతికి ఇంత బువ్వ పెట్టకుంట ఎట్లనే? మాంసం తింటడో తినడో అడుగు. నెంబరియ్యి, నేనే మాట్లాడ్త. ఏ ఊరంట?"

అమ్మ చేటలో బియ్యం పోసుకుని బయటికొచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆయనకు ఏ కూర వండాలో కూడా చెప్పేస్తుంది.

"అమ్మా, ఎవలు లేరే. లారీ ఆయన లేడు, ఏం లేడు. ఆ నవ్వు అందరి పేజీలల్ల ఉన్నది. నేను ఉట్టిగనె చెప్పిన."

కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును. అమ్మ చేట కింద పెట్టి గోడ దగ్గర కూర్చుంది. బియ్యంలో వేళ్లు పెట్టి రాళ్లు ఏరుతున్నట్టు కదిపింది.

"ఎవలు లేరనే పోలీసాయన గూడ చెప్పిండు," అంది. "నువ్వు చెప్తుంటె ఉన్నడేమో అనిపిచ్చింది."

నేను పక్కన కూలబడ్డాను. అమ్మ నా వైపు చూడలేదు.

"నీళ్లు తాపిండంటివి గద. గది ఇంకోపారి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు, ఏడుస్తూనే చెప్పాను. లారీ ఆగడం, ఆయన ఉరికి రావడం, తల ఒళ్లో పెట్టుకోవడం. అమ్మ మధ్యలో ఆపి, నీళ్లు సల్లగున్నయా అని అడిగింది. సల్లగనే ఉన్నయంట అన్నాను.