లువా లేని వారం

అరటిపువ్వు రెక్కల్ని సన్నగా తరిగి, నిమ్మరసం పిండిన నీళ్ళలో వేస్తోంది లువా. ఆలస్యమైతే ముక్కలు నల్లబడతాయి. నల్లబడితే అత్తగారి నూడుల్స్ కొట్టుకి వచ్చేవాళ్ళు గిన్నె పక్కకి తోసేసి, ఎదురు కొట్టుకేసి చూస్తారు.

"నీ పేరు బోర్డు మీద అట్టడుగున ఉందటగా?" అన్నాడు ఆమె భర్త త్వాన్, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

"ఎవరు చెప్పారండీ?"

"ఇంకెవరు, మీ ఆఫీసు ఖోయ్. నిన్న బీరు దగ్గర కూర్చుంటే, 'అన్నా, లువా అక్క మంచిదే గానీ చెయ్యి కాస్త నిదానం' అన్నాడు. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది."

పొయ్యి దగ్గర ఎముకల రసం మీద తెట్టె తీస్తున్న అత్తగారు తల తిప్పకుండానే అందుకుంది. "వాళ్ళు చెప్పాలా ఏమిటి, రోజూ చూస్తూనే ఉన్నాంగా! ఒక్క పువ్వు తరగడానికి తెల్లారిపోయింది."

లువా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి విద్య అదే.

"నవ్వు కాదు," అన్నాడు త్వాన్. "నెలాఖరుకి అడుగునున్నవాళ్ళని తీసేస్తారట. తీసేయించుకోవడం కన్నా మానేయడం మర్యాద. ఎలాగూ అమ్మకి కళ్ళు ఆనడంలేదు, కొట్టు చూసుకునే మనిషి కావాలి. నాన్న తద్దినం నాడు బాబాయిలందరి ముందూ చెప్పేస్తాను."

లువా చేతిలో కత్తి ఆగింది. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళూ, పొలం అమ్మకాలూ, ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నదీ అన్నీ తద్దినం నాడే తేలేవి. పోయినవారి పటం ముందు అగరొత్తులు వెలిగించాక ఇంటి పెద్ద ఒక మాట అంటే, ఇక దానికి తిరుగులేదు. తద్దినం వచ్చే శనివారం.

లువా ఆఫీసు హాన్ నది ఒడ్డున ఆరో అంతస్తులో ఉంది. ఒసాకాలోని ఒక గిడ్డంగుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్ వాళ్ళది. రాసింది చేతికి రావడానికి నెలలు పడుతోందని ఒసాకా వాళ్ళు విసుక్కున్నప్పటి నుంచీ గోడ మీద ఆ బోర్డు వెలిసింది. చేయాల్సిన ప్రతి పనికీ ఒక టికెట్, ఎవరు ఎన్ని టికెట్లు ముగిస్తే వాళ్ళ పేరు అంత పైన. టీమ్ లీడ్ ఖోయ్‌కి ఆ ఆలోచన వచ్చిన వారంలోనే కుర్రాళ్ళకి కిటుకు దొరికింది. ఒక బటన్ పెట్టడం ఒక టికెట్, దాని రంగు మార్చడం ఒక టికెట్, దాని మీద అక్షరాలు రాయడం ఇంకొకటి. ముక్కు తుడుచుకున్నా టికెట్టే అని ఎవరో జోకేశారు. బోర్డు మీద అంకెలు పొంగుతూనే ఉన్నాయి. ఒసాకా వాళ్ళ విసుగు మాత్రం తగ్గలేదు.

లువాకి టికెట్లు అందలేదు. అందకపోవడానికి కారణం ఆమెకి తెలుసు గానీ, దాన్ని ఏమని చెప్పాలో తెలియదు. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి సరేనంటేనే అది ముందుకి కదులుతుంది. ఆ రివ్యూ ఎవరిదైనా కావచ్చు, అందుకే ఎవరిదీ కాలేదు. మధ్యాహ్నం దీపాలు ఆర్పేసి అందరూ బల్లల కింద చాపలు పరుచుకుని నిద్రపోయే వేళ, లువా తెర వెలుగు తగ్గించుకుని వాళ్ళు రాసింది చదివేది. ఇక్కడ నిల్వ సున్నా అయితే ఏమవుతుంది? ఈ పెట్టె రెండుసార్లు లెక్కలోకి వస్తోంది కదా? అలా పక్కన రాసిపెట్టేది. నిద్ర లేచినవాళ్ళు దిద్దుకుని, టికెట్ ముగించుకుని, బోర్డు మీద ఒక మెట్టు ఎక్కేవాళ్ళు. కొత్తగా చేరిన పిల్లలు ఆమె కుర్చీ పక్కకి బల్ల లాక్కుని "అక్కా, ఇది ఎందుకు పడిపోతోందక్కా" అనేవాళ్ళు. చెప్పేది. చెబుతూండగా సాయంత్రమయ్యేది. తన టికెట్ అలాగే ఉండేది. ఇంట్లోనూ ఇంతే కదా అనుకునేది ఒక్కోసారి. అందరూ తిని లేచాక తన గిన్నె చల్లారి ఉన్నట్టు. కానీ ఆ మాట పైకి అంటే ఫిర్యాదు అవుతుంది, ఫిర్యాదు చేసే ఆడది ఇంట్లో గయ్యాళి, ఆఫీసులో 'టీమ్‌తో కలవని మనిషి'.

"అక్కా, ఈ నెల కూడా నువ్వే బోర్డుకి పునాదివి," అన్నాడు ఖోయ్ ఆ ఉదయం, టీ కప్పు పట్టుకుని వెళుతూ. మంచి కుర్రాడే. అందులో అవమానం ఉందని అతనికి నిజంగా తెలియదు.

శుక్రవారం హనోయ్ ప్రధాన కార్యాలయం నుంచి దియెప్ వచ్చింది. యాభై దాటిన మనిషి, జుట్టుకి రంగు వేయలేదు. గదిలోకి రాగానే బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఎవరు చురుకో తెలిసిపోతుందక్కా," అన్నాడు ఖోయ్ ఉత్సాహంగా.

"అంత చురుకైనవాళ్ళుంటే ఒసాకా నుంచి నాకు ఫోన్లెందుకొస్తున్నాయ్ తమ్ముడూ?" అంది దియెప్. "నేను మనుషుల్ని లెక్కపెట్టడానికి రాలేదు. పని ఎక్కడ ఆగుతోందో చూద్దామని వచ్చాను. ఆ దీపాలు ఆర్పండి."

తెర మీద బొమ్మ వచ్చింది. అందులో ఎవరి పేరూ లేదు. ఒక్కో పనీ ఒక్కో దారం. ఎవరో మొదలుపెట్టిన రోజున ఎడమవైపు పుట్టి, ఒసాకా వాళ్ళ చేతికి అందిన రోజున కుడివైపు ముగుస్తుంది. కదులుతున్నంతసేపూ సన్నగా, నీలంగా ఉంది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నంతసేపూ నారింజరంగులో లావెక్కింది. ఏడాది పొడుగునా అలాంటి దారాలు వందలు పక్కపక్కన పారుతుంటే, కిటికీ అవతలి నదిని ఎవరో తెచ్చి గోడకి అంటించినట్టుంది.

"రాయడానికి పట్టే కాలం తక్కువే," అంది దియెప్. "రాసింది ఎవరైనా చదవాలని ఎదురుచూడడమే ఎక్కువ. అయినా ఏదోలా నడుస్తోంది. కానీ ఇదిగో, ఇక్కడా, ఇక్కడా చూడండి."

రెండు చోట్ల నది ఉబ్బింది. నారింజరంగు ఒక్కసారిగా గుట్టలా లేచి, మెల్లగా దిగింది. ఆ గుట్ట కింద ఒక్క దారమూ కదల్లేదు.

"మార్చిలో ఒక వారం, ఆగస్టులో ఒక వారం. ఏమైంది మీకు?"

"నెట్ బాగోలేదేమో," అన్నాడు ఒకడు. "తుఫాను కదూ?" అన్నాడు ఇంకొకడు. "మార్చిలో తుఫానేంట్రా," అని పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

లువా తెర మీదనుంచి చూపు తిప్పుకోలేకపోతోంది. మార్చిలో ఆడపడుచు పురుడు. వారం రోజులు ఆసుపత్రికి క్యారియర్లు మోసింది. ఆగస్టులో అత్తగారి కంటి ఆపరేషన్. మంచం పక్కన నేల మీద పడుకుంది. ఇక్కడ లేని ఆ రెండు వారాలే అక్కడ గుట్టలై లేచాయి. పుట్టి బుద్ధెరిగాక తను చేసిన పనిని ఆమె ఎప్పుడూ చూడలేదు. అంట్లు తోమితే మళ్ళీ అంట్లవుతాయి, చదివి దిద్దిన తప్పు ఇక జరగదు కాబట్టి అది తప్పని కూడా ఎవరికీ తెలియదు. జరగకుండా ఆపినదాన్ని ఎలా చూపిస్తారు ఎవరైనా? గాలిని చూపించమన్నట్టు. అలాంటిది ఇక్కడ, ఈ చీకటి గదిలో, ఎవరూ ఆమెకోసం గీయని బొమ్మలో, ఆమె లేకపోవడానికి ఒక ఆకారం ఉంది. దానికి ఎత్తుంది, రంగుంది. గుట్ట అంచు మీద తను తిరిగి వచ్చిన సోమవారం ఎక్కడుందో కూడా కనిపిస్తోంది. అక్కడినుంచి దారాలు ఒక్కొక్కటే సన్నబడి, నీలమై, కదలడం మొదలుపెట్టాయి. ఆమెకి గెలిచానన్న సంతోషం కలగలేదు. కొండ మీద మేఘం విడిపోయి, ఇన్నాళ్ళూ తను నడుస్తున్నది ఎంత ఎత్తులోనో ఒక్కసారిగా కనిపిస్తే కలిగే భయం లాంటిది కలిగింది.

నోరు మూసుకుని ఉండొచ్చు. ఇన్నేళ్ళూ ఉన్నట్టే.

"ఆ రెండు వారాలూ నేను సెలవులో ఉన్నానక్కా," అంది.

"ఏదో కలిసొచ్చి ఉంటుంది," అన్నాడు ఖోయ్, కానీ ఆ మాట సగంలోనే నీరసపడింది. అతని సొంత దారాలు కూడా ఆ గుట్ట కిందే ఉన్నాయి.

"అందరి రివ్యూలూ నువ్వే చేస్తావా చెల్లీ?" అడిగింది దియెప్.

"చాలావరకు."

"ఎప్పుడు?"

"వీళ్ళు పడుకున్నప్పుడు."

ఖోయ్ మెడ వెనక గోక్కున్నాడు. "ఐతే రివ్యూలు కూడా బోర్డు మీద లెక్కపెడదాం. అక్క పైకొచ్చేస్తుంది."

"లెక్కపెట్టి చూడు. రేపటినుంచి చదవకుండానే 'బాగుంది, బాగుంది' అని గుద్దేస్తారు. టికెట్లకి చేసింది దానికి చెయ్యరా?" అంది దియెప్. "ఒక మనిషి ఇంటికెళితే ఆగిపోయే టీమ్ టీమ్ కాదు. సోమవారం నుంచి అందరూ చదవాలి, పొద్దున్నే, మీ సొంత పని ముట్టుకోకముందు. చెల్లి మధ్యాహ్నం పడుకోవాలి. దారాలు సన్నబడుతున్నాయో లేదో నెలనెలా అందరం కలిసి చూద్దాం. ముందు ఆ పేర్లు దింపండి. ఎవరినీ తీసేయడం లేదు."

ఖోయే లేచి బోర్డు దింపాడు.

సాయంత్రం లువా ఇంటికొచ్చేసరికి తద్దినం వంటకి కూరాకు గుట్టలుగా పోసి ఉంది. త్వాన్‌కి జరిగింది చెప్పింది. అతను వింటూనే ఫోన్‌లో బీరు పెట్టెలకి ఆర్డరిచ్చాడు.

"నువ్వు లేకపోతే ఆఫీసే ఆగిపోయిందన్నమాట. మహారాణివే!" అన్నాడు. "తీసేయకపోతే సంతోషం. కానీ కొట్టు సంగతి మారదుగా. రేపు బాబాయిలకి చెప్పాలనుకున్నది చెప్పేస్తాను." స్కూటర్ తీసుకుని బయటికెళ్ళాడు.

అత్తాకోడళ్ళు ఎదురెదురుగా పీటల మీద కూర్చుని కొత్తిమీర వలుస్తున్నారు. అత్తగారిని వీధంతా నాలుగో పిన్ని అంటారు. పుట్టింట్లో నాలుగో సంతానం. సొంత పేరు ఏమిటో లువాకి పెళ్ళి కాగితాల్లో తప్ప ఎక్కడా కనిపించలేదు.

"గుట్టలా లేచిందా?" అంది ఆవిడ ఉన్నట్టుండి. "నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను అత్తయ్యా."

"ఏ రంగు?"

"నారింజరంగు."

ఆవిడ కాసేపు ఆకు వలిచింది. "రెండోది నా కంటి ఆపరేషన్ వారం కదూ."

"అవును."

"ఆ వారం మన కొట్టూ మూతే. వీధిలో ప్రతివాడూ 'నూడుల్స్ మళ్ళీ ఎప్పుడు పిన్నీ' అన్నవాడే. కన్ను ఎలా ఉందన్నవాడు లేడు." చేతిలో కాడని విరిచింది. "మీ మామగారు పోయినప్పటి నుంచీ ఏటా ఈ తద్దినం నేనే వండుతున్నా. తిన్నవాళ్ళంతా ఏమంటారో తెలుసా? 'అన్నయ్య పుణ్యాత్ముడు, ఇల్లు చూడు ఎంత చల్లగా పెట్టుకున్నాడో' అంటారు. చచ్చిపోయి కూడా ఆయనే వండుతున్నట్టు!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూ లువా ఆవిడ చేతులకేసి చూసింది. రసం ఆవిరికి ఉడికి, కత్తిగాట్లు పడి, మునివేళ్ళ గీతలు అరిగిపోయిన చేతులు. ఇన్ని తద్దినాలు, ఇన్ని గిన్నెల నూడుల్స్, ముగ్గురు పిల్లలు. ఈ చేతులు ఆగిన రోజున లేచే గుట్ట ఎంతుంటుందో! ఏ తెర పడుతుంది దానికి? ఇన్నాళ్ళూ తన ఎదురుగా కూర్చుని, తన నిదానాన్ని వెక్కిరించిన ఈ ముసలామె ఒక పర్వతమని ఆమెకి అప్పుడు తెలిసింది.

తెల్లవారింది. వెదురుమొలకల పులుసు ఒక పొయ్యి మీద, పంది మాంసం ఇంకొక పొయ్యి మీద ఉడుకుతున్నాయి. ఆకూ మాంసమూ పెట్టి చుట్టడానికి పల్చటి బియ్యప్పిండి రేకులు తడిగుడ్డ కింద ఉన్నాయి. బాబాయిలు ఇద్దరు ముందే దిగి, ముందుగది చాప మీద కాళ్ళు చాపుకుని మొదటి బీరు తెరిచారు. త్వాన్ మధ్యలో కూర్చుని, కొట్టు, అమ్మ కళ్ళు, అంటూ మాట మొదలుపెట్టబోతున్నాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. పండగలకి మాత్రమే తొడిగే ఊదారంగు పొడుగు దుస్తులు వేసుకుని ఉంది. భర్త పటం ముందు అగరొత్తులు వెలిగించి, ఆయన గిన్నెలో వేడి అన్నం పెట్టి, మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, గరిటెని కుళాయి కింద కడిగి, తలకిందులుగా ఆరబెట్టింది.

"అమ్మా, ఇంకా చుట్టలేదేంటి? బాబాయిలు ఆకలిమీదున్నారు," అన్నాడు త్వాన్.

ఆవిడ కొడుకుకేసి చూడలేదు. లువాకేసి చూసింది. ఆ చూపులో ఆజ్ఞ లేదు, అడగడమూ లేదు; నిన్న గుట్ట సంగతి వింటున్నప్పటి చూపే అది. లువా ముందు పులుసు కింద మంట ఆర్పింది, ఆ తర్వాత మాంసం కింద. వంటింట్లో నిశ్శబ్దం ముందుగదిలోకి పాకింది. లువా వెళ్ళి, మగవాళ్ళ చాప మీదే, త్వాన్ పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

"ఇదేంటి?" అన్నాడు పెద్ద బాబాయి. "వదినా, ఎక్కడికి?"

నాలుగో పిన్ని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, గొడుగు తెరుచుకుని, వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది.