నోర్మిటా తప్పిన లెక్క

గల్ఫ్‌కు ఇంటిపనికి పోకముందు నోర్మిటా ఇలోయిలో నగరం దగ్గరి హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ జీతంతో మంచం పట్టిన భర్తకు వైద్యం సాగలేదు. అతను చనిపోయాక కూడా గల్ఫ్ పని ఒప్పందం గడువు తీరక అక్కడే ఉండిపోయింది. ఆమెను ‘నాయ్’ అని, అమ్మమ్మ సోలెదాద్‌ను ‘లోలా’ అని పిలిచే కూతురు జినెల్ ఆ అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది.

జినెల్‌కు బీజగణితం మొదలయ్యాక, యజమానురాలు కునుకు తీసే వేళ నోర్మిటా వంటింట్లోంచి ఫోన్ చేసేది. బహుపదుల కూడికలు, గుణకారాలు అన్నీ ఫోన్లోనే నేర్పింది. కారణాంకాలు తీశాక మళ్ళీ గుణించి సరిచూసుకోనిదే ఒప్పుకునేది కాదు. జినెల్ తొందరపడితే, “ఏం ఇందాయ్, చిట్టితల్లీ, జీప్నీ బండి తప్పిపోతోందా నీకు?” అని వెక్కిరించేది.

శుక్రవారం పరీక్ష. బుధవారం తల్లి మాట ముద్దముద్దగా వినిపించింది. ఎక్స్ వర్గం మైనస్ ఎక్స్ మైనస్ పన్నెండుకు కారణాంకాలు అడిగితే ఎక్స్ ప్లస్ నాలుగు, ఎక్స్ మైనస్ మూడు అంది. జినెల్ గుణించి చూసింది.

“నాయ్, మధ్య పదం ప్లస్ వస్తోంది. గుర్తులు తారుమారయ్యాయి.”

“అవును కదా,” అంది నోర్మిటా. మళ్ళీ అదే జవాబు చెప్పింది.

“ఒంట్లో బాలేదా నీకు?”

“అంకెలు నిలవట్లేదమ్మా. తలకి దెబ్బ తగిలింది. మెట్ల మీద పడ్డాలే.”

“ఆ ఇంట్లో మెట్లే లేవన్నావుగా.”

తల్లి వెనక ఎవరో అరిచారు. ఫోన్ ఆగిపోయింది. తర్వాత ఎంతసేపు చేసినా కలవలేదు.

అమ్మను ఆ ఇంట్లో కొడుతున్నారని జినెల్ అంటే సోలెదాద్ మొదట నమ్మలేదు. మంచి ఇల్లని తెలిసినవాళ్ళే చెప్పారంది.

“అమ్మ లెక్క తప్పదు లోలా,” అంది జినెల్. “చిన్న లెక్క. రెండుసార్లు తప్పింది.”

ముసలామె ఇంకేమీ అడగకుండా చెప్పులు వేసుకుంది. నోర్మిటాను గల్ఫ్‌కు పంపిన నగరంలోని ఏజెంటు, పిల్ల బెంగతో ఏదో ఊహించుకుంటోందని తోసిపుచ్చాడు. శుక్రవారం తరగతిలో పరీక్ష జరుగుతుంటే, జినెల్ పరదేశాల్లో పనిచేసేవాళ్ళ సంగతి చూసే సర్కారు ఆఫీసు బెంచీ మీద అమ్మమ్మ పక్కన కూర్చుని ఉంది. చివరికి అక్కడొకావిడ ఫిర్యాదు రాసుకుంది.

సర్కారువాళ్ళు నోర్మిటాను ఆ ఇంటి నుంచి విడిపించి ఊరికి తెచ్చేసరికి వానాకాలం వచ్చేసింది. ఒక చెవికి వినికిడి పూర్తిగా పోయింది. నడిచేటప్పుడు గోడ పట్టుకునేది. యజమానురాలు ఇస్త్రీపెట్టెతో కొట్టిందని ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. యజమానురాలి మీద పెట్టిన కేసు ఎటూ కదల్లేదు.

జినెల్ ఆ రోజు రాయలేకపోయిన పరీక్షను తర్వాత రాసి గట్టెక్కింది. పాత బడివాళ్ళు నోర్మిటాను మళ్ళీ రమ్మన్నారు. ఒక ఉదయం వెళ్ళింది. బోర్డు మీద సగం రాసి, మిగతాది తోచక, పిల్లలందరూ చూస్తుండగానే బయటికొచ్చేసింది. ఇప్పుడు ఊళ్ళోనే ఉండే తన అక్కతో కలిసి చేపలు ఎండబెడుతుంది.

సాయంత్రాలు జినెల్ ఆమె పక్కన కూర్చుని పాఠం పైకి చదువుతుంది. కొన్ని రోజులు నోర్మిటా వింటుంది. కొన్ని రోజులు మధ్యలో లేచి వెళ్ళి, తలుపు గడియ పడిందో లేదో చూసి వస్తుంది.