రుచి చూడని జామ్

ముందుగా వాసన వచ్చింది.

చిదిమిన స్ట్రాబెర్రీల వాసన. పచ్చిగా, పుల్లగా, కాస్త మట్టి కలిసినట్టుగా... వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల మీదికి పాకింది. అమెరికాలో, పిస్కాటవేలో జూన్ వచ్చిందంటే పద్మిని ఇల్లు ఇలాగే ఉంటుంది.

ఎర్రటి వాసన.

పొద్దున్నే తోటకి వెళ్లి నడుము పట్టేసేదాకా వంగి కోసుకొచ్చిన పళ్లు. సింక్ నిండా పళ్లు. పద్మిని ఒక్కోదాన్నీ తీసి తిప్పి చూస్తుంది. పైన నిగనిగలాడే పండే కింద మెత్తబడి ఉంటుంది, నేలకి ఆనిన వైపు. రంగు చూసి నమ్మడానికి లేదు.

తిప్పి చూడాలి.

ఈ జామ్ ఉడకదు. పళ్లని చిదిమి, పంచదార కలిపి, కాసేపు ఊరనివ్వాలి. జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ పొడిని మాత్రం విడిగా నీళ్లలో మరిగించి అందులో పోయాలి. పంచదార పలుకు తగలకుండా పోయేదాకా కలిపి, డబ్బాలకెత్తి, గట్టిపడ్డాక ఫ్రీజర్‌లో పెట్టాలి. పండు పొయ్యి ముఖం చూడదు. అందుకే రంగు చావదు, వాసన పోదు. ఒకటే పట్టింపు — పళ్లు ఎక్కువున్నాయి కదా అని అన్నీ ఒకేసారి కలిపేస్తే గట్టిపడదు. ఏ వాయికి ఆ వాయి కొలవాలి.

పద్మినికి ఇంకో పట్టింపు ఉంది. అది ప్యాకెట్ మీద ఉండదు.

దేవుడికి పెట్టేదాకా రుచి చూడకూడదు.

అరిసెలైనా అంతే, ఆవకాయైనా అంతే, అమెరికా జామైనా అంతే. అన్ని వాయిలూ అయ్యాక శుక్రవారం దేవుడి ముందు పెడుతుంది. శనివారం స్నేహితుల ఇళ్లకి పంచుతుంది. ఈలోగా గరిట అంచున వేలు పెట్టి నాకారో, అదంతా ఎంగిలే. చేతికి కొలత తెలిసినప్పుడు నాలుకతో పనేమిటని ఆమె గర్వం. గర్వపడాల్సిందే మరి. ఆపరేషన్ థియేటర్లో ఎంతమందికో మత్తు ఇచ్చిన చేయి అది. కొలత తప్పిన చేయి కాదు.

ఈ ఏడు తేడా వచ్చింది.

జామ్‌లో కాదు. మొగుడిలో.

గౌరీశంకర్ మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. సొంత వంటింట్లో మంచినీళ్ల గ్లాసు కోసం కూడా వెతుక్కుంటాడు. అలాంటిది ఈ జూన్‌లో వంటింటి గుమ్మం వదలడం లేదు. ఆమె డబ్బా తీస్తే వెనకాలే ఉంటాడు. గరిట పట్టుకుంటే పక్కనే ఉంటాడు. స్టవ్ కట్టేసి ఇటు తిరిగితే, కట్టేసిందో లేదో వంగి చూస్తాడు.

"హెల్ప్ చేద్దామని," అంటాడు.

పెళ్లయినప్పటి నుంచీ లేని హెల్ప్!

ఆయనకి షుగరుంది. పద్మిని అనుమానం ముందు అక్కడే వాలింది. తీపికి మొహం వాచిపోయి ఉన్నాడు, కన్ను జామ్ మీద పడింది... ఇంకేముంది. కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. సింక్‌లో ఒక స్పూన్ దొరికింది, అంచున ఎర్రగా. మర్నాడు ఒక డబ్బా మూత తీస్తే జామ్ మీద చిన్న గుంట కనిపించింది. దేవుడికి ఇంకా పెట్టని డబ్బా!

"మీరు తిన్నారా?"

"ఊరికే... టేస్ట్ చూశాను."

తిట్టింది. కడుపారా తిట్టింది. మాటకి మాట అప్పజెప్పే మనిషి, ఈసారి తల వంచుకుని విన్నాడు. చివర్లో ఆమె చేతి మీద చేయి వేశాడు కూడా. అదే ఆమెకి నచ్చలేదు.

తిప్పి చూడాలి...

గరాజ్‌లో ఆయన ఫోన్ మాట్లాడుతుంటే విన్నది. కాలిఫోర్నియాలో ఉండే కూతురు స్మృతి గొంతు స్పీకర్‌లో వినిపిస్తోంది.

"అమ్మకి చెప్పావా డాడీ? యూ హావ్ టు టెల్ హర్."

"చెప్తానమ్మా. ఈ జామ్ గోల అయిపోనీ. నువ్వు ముందు ఆ అపాయింట్‌మెంట్ బుక్ చేయి."

పద్మిని గుమ్మం అవతలే ఆగిపోయింది.

ఇది షుగర్ సంగతి కాదు. పెద్దదేదో ఉంది. తనకి తప్ప అందరికీ తెలిసినదేదో ఉంది. మధ్యాహ్నం ఆయన సోఫాలో కునుకు తీస్తుంటే ఆయన పాదాలు చూసింది, గోళ్లు చూసింది, ఊపిరికి ఛాతీ లేచి పడటం చూసింది. డాక్టరు కళ్లతో చూసింది, పెళ్లాం కళ్లతో చూసింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా భయం వేసింది.

ఈ మనిషి పోతే?

ఆ ఆలోచన రాగానే నేల మీదే కూర్చుండిపోయింది. ఇంట్లో ఆ ఎర్రటి వాసన మాత్రం అలాగే తిరుగుతోంది.

ఇక ఆగలేకపోయింది. స్నేహితురాలు శశికళ ఇంటికి వెళ్లొస్తానని కారు తీసి, వీధి మలుపులో ఆపి, నడిచి వెనక్కి వచ్చింది. పిల్లిలా గరాజ్‌లోకి తొంగి చూసింది.

ఫ్రీజర్ ముందు ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ డబ్బాలు. ఒక్కోదాని మూత తీస్తున్నాడు. స్పూన్ మొనతో గీరి, ఇంత నాలుక మీద వేసుకుని, మూత పెట్టేస్తున్నాడు. మళ్లీ ఇంకోటి. తీపికి వాచిన మనిషి మొహం కాదది. ల్యాబ్‌లో కూర్చున్న మనిషి మొహం. కొన్ని డబ్బాలని మాత్రం విడిగా, తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

పద్మిని వెళ్లి, ఆ విడిగా ఉన్నవాటిలో ఒకదాంట్లోంచి ఇంత తీసి నోట్లో వేసుకుంది.

ఉప్పు.

స్ట్రాబెర్రీ వాసన వేస్తున్న ఉప్పు. నోరు పొక్కిపోయింది.

"నేనే కలిపాను పద్మినీ," ఆయన గబగబా లేచాడు. "ఆ పూట నువ్వు ఫోన్‌లో ఉన్నావు కదా, నీకు హెల్ప్ చేద్దామని... పంచదార అడుగంటితే పక్క డబ్బా తీశాను. రెండూ ఒకేలా ఉంటాయి. కన్‌ఫ్యూజ్ అయిపోయాను. ఏం కాదు, పారేద్దాం."

ఒకేలా ఉండే మాట నిజమే. వాళ్లింట్లో ఉప్పుకీ పంచదారకీ ఐస్‌క్రీమ్ అయిపోయిన డబ్బాలే. దేని మీదా పేరుండదు. ఏది ఏదో ఆమె చేతికి తెలుసు, అంతే.

కానీ ఆ గొంతు...

ఆ గొంతు పద్మినికి తెలుసు. థియేటర్లో బల్ల మీద పడుకున్నవాళ్ల నుదుటి మీద చేయి పెట్టి, 'ఏం కాదు, చిన్న నిద్ర, అంతే' అని చెప్పే గొంతు. ఎదుటివాళ్లకి ఏమవుతోందో తెలిసి, వాళ్లకి తెలియనివ్వకూడదనుకున్నప్పుడు వాడే గొంతు. దాన్ని ఆమె జీవితమంతా వాడింది. ఇప్పుడు అది తన వైపు వస్తోంది.

"అపాయింట్‌మెంట్ ఎవరికండీ?"

ఆయన ఫ్రీజర్ తలుపు మెల్లగా మూశాడు. "ఇద్దరికీ. ఊరికే చెకప్."

ఆ వాయి కలిపిన పూట గుర్తు తెచ్చుకుంది పద్మిని. పళ్లు చిదమడం గుర్తుంది. పెక్టిన్ బుడబుడమని పొంగడం గుర్తుంది. కిటికీ అవతల పక్కింటివాళ్ల గడ్డి మెషిన్ మోత గుర్తుంది. డబ్బా మూత తీసింది ఎవరు? కప్పుతో తోడింది ఎవరు? అక్కడ ఏమీ లేదు. తెల్లగా ఉంది, అంతే. ఉప్పు తెలుపో, పంచదార తెలుపో.

ఇన్నాళ్లూ ఆయన వెనకాల తిరిగిన అనుమానం, ఇటు తిరిగి ఆమెకి ఎదురుగా నిలబడింది.

ఆయన చెప్పింది నిజమైతే మతిమరుపు జబ్బు ఆయనది. అబద్ధమైతే తనది. ఏది కావాలని మొక్కుకోవాలి?

వంటింట్లో చివరి వాయి పళ్లు ఎదురుచూస్తున్నాయి. పద్మిని వాటిని చిదిమింది. డబ్బా తీసింది. కొలిచింది. ఆయన వెనకాలే ఉన్నాడు, ఈసారి విసుక్కోలేదు. కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. దేవుడి గది వైపు ఒకసారి చూసి, గరిట అంచున వేలు పెట్టి నాలుక మీద వేసుకుంది. తియ్యగా ఉంది. ఉన్నట్టే ఉంది... తన నాలుకని తనే నమ్మలేక, గరిట ఆయన నోటి దగ్గర పెట్టింది.

"తియ్యగానే ఉందా?"

ఇల్లంతా పచ్చిగా, పుల్లగా, ఎర్రగా వాసన.

ఆయన గుటక వేశాడు. ఆమె కళ్లలోకి చూసి నవ్వాడు.

"తియ్యగానే ఉంది పద్మినీ," అన్నాడు — ఆ గొంతుతోనే.