మగ్గం కింది తడి

నాగలక్ష్మమ్మ బెంగంతా గోనెసంచుల గురించే. విమానం ఎక్కడం, తెల్లవాళ్ల దేశాలు చూడడం, ముప్పై అయిదు రోజులు ఇల్లు విడిచి ఉండడం, ఇవేవీ ఆమెకు పెద్దగా పట్టలేదు. మగ్గం కింద పరిచే గోనెసంచులు ఆ దేశాల్లో దొరుకుతాయో లేదోనని, నాలుగు పాతవి ఉతికి మడిచి, రాగిపిండి మూట కింద పెట్టి మరీ తీసుకుపోయింది.

అది 1984 వేసవి. చేనేత పని చూపించడానికి ధర్మవరం నుంచి ఒక జంటను యూరప్ పంపాలని ప్రభుత్వంలో పైవాళ్లు అనుకున్నారు. పట్టుచీరలు నేసే గంగాధరప్పనూ, అతని భార్య నాగలక్ష్మమ్మనూ ఎంచారు. నేలలో పాతుకున్న గుంట మగ్గాన్ని ఊళ్లు తిప్పలేరు కాబట్టి, విప్పి మళ్లీ బిగించుకునే కొయ్య మగ్గం ఒకటి చేయించారు. రోములో దిగాలి, మగ్గాన్ని వ్యాన్‌లో వేసుకుని ఇటలీ పొడుగునా పైకి పోవాలి, కొండలు దాటి ఆస్ట్రియా చేరాలి. మధ్యలో అయిదు ఊళ్లు, అన్నిటికీ కలిపి ఒకే చీర. రోములో మొదలుపెట్టిన ఆ చీరను చివరి ఊరు వియన్నాలో జనం చూస్తుండగా మగ్గం మీంచి కోసి మడత పెట్టాలి. వెంట ఇంగ్లీషు తెలిసిన ఆఫీసరు జయరాముడు, వ్యాన్ నడపడానికి ఒక ఇటలీ డ్రైవరు.

గంగాధరప్పకు యాభై మూడేళ్లు. ముక్కు మీద కోపం. చేతిపని మీద మాత్రం ఊళ్లో వేలెత్తి చూపినవాడు లేడు. కిందటేడు కళ్లజోడు వచ్చినప్పటి నుంచి అతనికి లోపల ఒక దిగులు పట్టుకుంది. ఇవాళ కళ్లు, రేపు చేతులు అని. పైకి చెప్పలేదు. చెప్పకపోయినా, పాతికేళ్లుగా పక్కన కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

ఇటలీలో ఎండ మన ఎండలాగే కాసింది. పొద్దున్నే మొగుడు మగ్గం ఎక్కకముందే ఆమె సంచులు తడిపి, మగ్గం మీద బిగించిన నిలువు పోగుల పడుగు కింద పరిచేది. ధర్మవరం గాలికి ఆ తడి లేకపోతే పట్టుదారం పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. కరువు ఏళ్లలో కూడా ఆమె ఈ పని తప్పించలేదు. ఎండిన చిత్రావతి ఏటి ఇసుకలో చెలమ తవ్వి, గంటసేపు ఊరనిచ్చి ముంచుకున్న బిందెడు నీళ్లలో ముందు మగ్గం వంతు పక్కన పెట్టి, మిగిలినవే పొయ్యి దగ్గరికి తీసుకుపోయేది. దాన్ని ఒక గొప్పగా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. గంగాధరప్పయితే అసలు అనుకోనే లేదు.

వ్యాన్‌లో కూర్చుంటే అతనికి పొద్దుపోదు. కిటికీ బయటే చూపు.

"ఏమే, పొద్దున్నించి ఎన్ని ఏర్లు దాటినామే?"

"ఏడు."

"ఏడూ పారతాండాయా?"

"పారతాండాయి."

"ఒక్కదానికన్నా సిగ్గుండాదా! మన చిత్రావతిని చూసి నేర్చుకోమను. ఎంత అణకువగా ఇసకలో దాంకోనుండాదో."

జయరాముడు పడీపడీ నవ్వాడు. నాగలక్ష్మమ్మ కూడా నవ్వింది గానీ, తర్వాత చాలాసేపు ఆ నీళ్లకేసే చూస్తూ కూర్చుంది.

కొండ కడుపులోంచి వేసిన సొరంగాలు ఒకటి తర్వాత ఒకటి దాటి ఆస్ట్రియాలోకి రాగానే వాన అందుకుంది. సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు. వ్యాన్ దిగి ఆమె వానలో అలాగే నిలబడిపోయింది. సంతోషమూ కలిగింది, ఉక్రోషమూ కలిగింది. అడగనివాళ్లకు ఇంత వానా, మొక్కుకుని మొక్కుకుని గొంతెండినవాళ్లకు మబ్బుతునక కూడా లేదా!

ఆ ఊళ్లోనే దారం తెగడం మొదలైంది.

మొదటి రోజు పదకొండుసార్లు. గంగాధరప్ప తెగిన పోగులు అతుకు వేసుకుంటూ, కళ్లజోడు తుడుచుకుంటూ నెట్టుకొచ్చాడు. రెండో రోజు లెక్కపెట్టడం మానేశాడు. పోగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి, వదులై జారుతున్నాయి, అడ్డదారం తీసుకుపోయే నాడె విసరబోతే తగులుకుని తెగుతున్నాయి. చూడవచ్చినవాళ్లు మర్యాదగా కాసేపు నిలబడి ప్రదర్శనలో పక్క బల్లల వైపు జరుగుతున్నారు.

"కండ్ల డాక్టరుకు చూపిద్దామా అన్నా?" అన్నాడు జయరాముడు.

"కండ్లు బాగనే ఉండాయి సారూ. పోయినవి చేతులు."

ఆ మాట నాగలక్ష్మమ్మ విన్నది. ఆమెకు తోచిన మందు ఒకటే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దారం తెగితే తడి చాలలేదనే ఆమెకు తెలుసు. అందుకని మూడో రోజు సంచుల మీద రెండు బకెట్లు పోసింది. ఇక్కడ నీళ్లకు కరువా? కొళాయి తిప్పితే చాలు. ఎవరి వంతూ తగ్గదు. మగ్గానికి కడుపునిండా పెట్టానని తృప్తి కూడా పడింది. ఆ రోజు మధ్యాహ్నానికి జానెడు కూడా నేత సాగలేదు.

అన్నాల వేళ బస దగ్గరికి వచ్చి, వచ్చిన రోజున ఉతికి ఆరేసిన చీర తీయబోయింది. చేతికి చల్లగా తగిలింది. మూడు రోజులైనా ఆరలేదు! ధర్మవరంలో రెండో చీర పిండేలోపల మొదటిది గలగలలాడేది. చీర చేత్తో పట్టుకుని ఆమె అక్కడే ఆగిపోయింది. గాలే తడిగా ఉన్న చోట, దాని మీద తను ఇంకా తడి పోస్తోంది. పట్టు నానిపోయింది. మొగుడి చేతులకు ఏమీ కాలేదు.

ప్రదర్శన జరిగే హాలు దాకా వానలోనే పరుగెత్తింది. దారిలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. సంచులు గుట్టుచప్పుడు కాకుండా తీసేస్తే సరి, చేతులు మళ్లీ కుదురుకున్నాయనుకుంటాడు, తనకు తిట్లు తప్పుతాయి అని.

హాల్లో గంగాధరప్ప మగ్గం దిగి నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తెర. జయరాముడు ఏదో చెప్పబోతున్నా వినిపించుకోవడం లేదు. వాళ్ల ఇంట్లో చీర పూర్తికాకుండా పడుగు కోసేది ఒక్కప్పుడే, నేసే మనిషి చనిపోయినప్పుడు. అతని నాయన పోయిన రోజు అలాగే కోశారు. ఆమె గుమ్మంలోంచే అరిచింది.

"కోయొద్దయ్యా! తప్పు నీ చేతుల్ది కాదు, నాది!"

"ఏమంటాండావే?"

"ఈడ గాలే తడిగుండాది. మూడు దినాలైనా నా చీర ఆరలే. నేను మన ఊరే అనుకోని దినామూ సంచులు తడుపుతాండా. నీకు తెగేకొద్దీ ఇంకా పోసినా. పట్టంతా నానిపోయిండాది. నేనే చెరిపినా."

గంగాధరప్ప మునివేళ్లతో పడుగు తడిమాడు. వంగి సంచి పిండాడు. ధారగా కారింది. నలుగురిలో చెడామడా తిట్టినా పడదామని ఆమె తల వంచుకుని నిలబడింది.

అతను తిట్టలేదు. కత్తెర పక్కన పెట్టి, మగ్గం పలక మీద కూలబడ్డాడు.

"నీళ్లు ఎక్కువైతేనే మగ్గం ఇట్ల పడిపోయిందంటే..." అని ఆగాడు. మళ్లీ మెల్లగా అన్నాడు. "ఇన్నేండ్లూ మగ్గాన్ని నా చేతులే నడుపుతాండాయని అనుకొంటినే, లచ్చుమీ."

అతని గొంతు అంత చిన్నగా పలకడం ఆమె ఎన్నడూ వినలేదు. తిట్లకు సిద్ధపడి వచ్చింది గానీ దీనికి సిద్ధపడి రాలేదు. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏడ్చి ఇంగా తడి చేయొద్దు. ఆ సంచులు తీ," అన్నాడతను, మామూలు గొంతుతో.

డ్రైవరు ఎక్కడి నుంచో కరెంటు హీటరు ఒకటి మోసుకొచ్చి మగ్గానికి దూరంగా పెట్టాడు. సాయంత్రానికి పోగులు బిగిశాయి. మర్నాడు రోజంతా రెండే తెగాయి. ఆ తర్వాతి ఊరికి పోయే దారిలో గంగాధరప్ప ఏర్లను వెక్కిరించలేదు. వ్యాన్ కుదిపినప్పుడల్లా భార్య భుజం తగులుతుంటే దూరం జరగకుండా కూర్చున్నాడు.

వియన్నా చేరేసరికి చీరలో నేయాల్సింది మూరెడు మిగిలింది. ఆఖరి రోజు వాన తెరిపిచ్చింది, ఎండ కూడా కాసింది. హాలు నిండింది. ముందు వరుసలో పెద్దపెద్దవాళ్లు కూర్చున్నారు. గంగాధరప్ప మగ్గం ఎక్కి, నాడె చేతిలోకి తీసుకుని, విసరకుండా ఆగాడు.

"లచ్చుమీ, ఈ పొద్దు తడపల్లా, వద్దా?"

పని గురించి అతను ఆమెను అడగడం అదే మొదటిసారి.

"మొదలుపెట్టన్నా, అందరూ చూస్తాండారు," అని జయరాముడు కంగారుపడ్డాడు.

"ఉండు సారూ. ఆయమ్మ చెప్పల్ల."

నాగలక్ష్మమ్మ రాట్నం దగ్గర నుంచి లేచి వచ్చి, పడుగు కింద అరచెయ్యి పెట్టింది. ఇటు జరిపి చూసింది, అటు జరిపి చూసింది. తొందరపడలేదు. అంత మందిలో గంగాధరప్ప చేతులు కట్టేసినట్టు కూర్చుని, ఆమె నోరు విప్పేదాకా చూస్తూ ఉన్నాడు.